మగకుక్కకు శస్త్రము



ఆడుకుక్కను పెంచు నిండ్లలో దానికి పిల్లలు కలుగకుండ శస్త్రము చేయింపవలయునా, వలదా యను విచారము తప్పక పుట్టును. ఏలయన నేడాదికి ఇంచుమించు రెండుమాఱు లది యెదకు వచ్చును. వీధిలోని మగకుక్క లన్నియు గుమ్మము ముందు చేరును. కొంచెము ఏమఱితిమా, రెండు నెలలకు పిల్లలు మన వసారాలోనే పుట్టును. మగకుక్కను పెంచు నిండ్లలో నట్టి విచారము లేదు. “మగదే కదా, మన యింట పిల్లలు పెట్టదు కదా” యని యందఱును నిశ్చింతగా నుందురు. నే నిపుడు చెప్పదలచినది యా నిశ్చింతను గూర్చియే.

ఒక కుక్క యొక యీతలో నాలుగో, ఆఱో, ఒక్కొక్కప్పుడు పదియో పిల్లలను పెట్టును. ఆ పిల్లల తండ్రి యెక్కడనో యుండును. పాలు చాలని పిల్లకు సీసాతో పాలు పట్టుట, పూటపూటకు వసారా కడుగుట, నులిపురుగుల మందు పోయుట, తుదకు “మాకొక పిల్ల కావలెను” అని మాట యిచ్చి మఱచినవారి యిండ్ల చుట్టు తిరుగుట — ఇదంతయు తల్లిని పెంచిన యింటి యాడువారి పని. తండ్రిని పెంచినవారు మాత్రము, జతకట్టించిన మర్యాదకై, పిల్లలలో మంచిదాని నొకదాని నేఱుకొని తీసికొనిపోవుట యాచారము. మగపెండ్లివారి పద్ధతి మనకు క్రొత్త గాదు. కుక్కలయందును నదియే నడచుచున్నది.

మాది కొల్లేటి ప్రాంతము. మా యింట రెండు మగకుక్కలు గలవు. పెద్దవాడు భైరవుడు, జోనంగి జాతివాడు. జోనంగి యనునది యీ ప్రాంతపు నాటుకుక్క. పొట్టి వెండ్రుకలు, సన్నని యొడలు, నుదుట ముడుతలు. ఆ ముడుతలచేత నెల్లప్పుడు నేదో యాలోచించుచున్నట్లు కనబడును. ఇతర కుక్కలవలె మొఱుగక, పాట యెత్తుకొన్నట్లు సాగదీసి కూయును. బాతుల మందలను తోలుకొనిపోవువారు పూర్వమునుండి వీనిని వెంటబెట్టుకొనెడివారు. పొలములు చేపల చెఱువులైన కొలది మందలు తగ్గినవి. మందలతో నీ కుక్కలును తగ్గినవి. భైరవుని ఏడాదిన్నర క్రిందట, రెండు నెలల పిల్లగా నున్నపుడు, ఒక బాతుల కాపరి మా కిచ్చెను. చిన్నవాడు మల్లన్నకు జాతి లేదు. బడి గోడ ప్రక్కను గోనెసంచిలో నెవరో విడిచిపోయిన యైదు పిల్లలలో బ్రదికిన దిది యొక్కటే. మిగిలిన నాలుగింటిని మా వారును బడిపిల్లలును కలిసి చింతచెట్టు క్రింద పూడ్చిరి.

గడచిన వేసవిలో నా బాతుల కాపరి మరల వచ్చెను. ఆయనయొద్ద జోనంగి యాడుకుక్క యొకటి యున్నది. దానికి భైరవునితో జతకట్టింపవలెనని యాయన కోరిక. ఆ సంగతి వీధిలో తెలిసినంతనే మఱి ముగ్గురు పిల్లలను ముందుగానే యడిగిపోయిరి. మా పిల్లలు పుట్టని కుక్కపిల్లలకు పేళ్లుకూడ పెట్టుకొనిరి. అప్పుడే మల్లన్న రాత్రులందు ప్రహరి దుముకుట మొదలుపెట్టెను. ఒక తెల్లవాఱున చెవి చీలి వచ్చెను. మఱియొకమాఱు రెండు దినములు రానేలేదు. కావున భైరవునికి జతకట్టింపవలయునా, లేక యిరువురకును శస్త్రము చేయింపవలయునా యని యింట చర్చ పుట్టినది.

శస్త్రమను మాట వినినంతనే మా యత్తగారు మొగము ముడుచుకొనిరి. ఆమె భారతము చేతబట్టని దినము లేదు. “అమ్మాయీ, జరత్కారువు పితరులు సంతానము లేమిచే తలక్రిందులుగా వ్రేలాడిన కథ నీ వెఱుగవా? నోరులేని దాని వంశమును మన చేతులతో తెంపుట పాపము గాదా?” అనిరి. ఆ కథ నేను పదియేండ్ల ప్రాయమున మా నాయనగారియొద్ద చదివినదే. “అత్తయ్యగారూ, ఆ యాదిపర్వములోనే మందపాలుని కథయు నున్నది గదా” యంటిని.

మందపాలుడు గొప్ప తపస్వి. సంతానము లేమిచే పుణ్యఫలము దక్కకపోగా, త్వరగా పిల్లలను గాంచుటకై శార్ఙ్గకపక్షియై పుట్టి, జరిత యను పక్షియందు నలువురు కొడుకులను గనెను. ఆ పిల్లలు గ్రుడ్లలో నుండగనే వానిని తల్లికి విడిచి, లపిత యను మఱియొక పక్షితో వెడలిపోయెను. ఖాండవవనము తగులబడునప్పుడు, ఱెక్కలు రాని నాలుగు కూనలను మోసికొని యెగురజాలక, విడిచి పోజాలక విలపించినది జరిత. మందపాలుడు దూరమునుండి యగ్నిదేవుని వేడికొనెను, నిజమే. పిల్లలు బ్రదికిరి, అదియు నిజమే. అయినను ఆ ఘట్టము చదివినపుడెల్ల నాకు మందపాలునిపై కోపమే వచ్చును. మా వీధిలో వేడికొను తండ్రియు లేడు, వినెడి యగ్నిదేవుడును లేడు. గోనెసంచి యున్నది. మా యత్తగారు కొంతసేపు మాటాడక, “అదియు నున్నది” అని మాత్ర మనిరి. ఆమె నోట నంత మాట వచ్చుట సామాన్యము గాదు.

పాపమను మాటకు మఱియొక సమాధానముకూడ నా మనస్సున నుండెను గాని, పెద్దవారియెదుట నంతగా పొడిగింపలేదు, మీతో చెప్పెదను. మన పెద్దల యిండ్లలో నాగలి లాగిన యెద్దు లన్నియు నెట్టివి? వెనుకటి దినములలో కోడెను పడవేసి కట్టి, మత్తు లేక, మందు లేక బీజములు నలుగగొట్టెడివారు. పిమ్మట బర్డిజో యను పెద్ద పట్టకారు వచ్చెను. దానిని గూర్చి యెవరును పాపమని నిట్టూర్చినట్లు నేను వినలేదు. దుక్కికి కావలసినపుడు లేని పాపము, వీధిలో పిల్లలు చావకుండుటకు చేయునపుడు మాత్ర మేల వచ్చునో నాకు బోధపడదు.

ఇక పశువైద్యుని యొద్ద మేము తెలిసికొన్న సంగతులు. మగకుక్కకు చేయు శస్త్రము ఆడుకుక్కకు చేయుదానికన్న తేలిక. ఆడుదానికి పొట్ట కోయవలయును. మగవానికి బీజకోశమునకు ముందు చిన్న గాటు పెట్టి, రెండు బీజములను తీసివైచి కుట్టుదురు. పూర్తిగా మత్తుమందు ఇచ్చియే చేయుదురు కావున కోయునపుడు బాధ తెలియదు. తరువాతి నొప్పికి మం దిత్తురు. సాధారణముగా నాటి సాయంకాలమునకే యింటికి నడచి వచ్చును. దీనివలన బీజములకు పుట్ట వచ్చునన్న భయము పోవును. శస్త్రము లేని మగకుక్కలలో వయసు ముదిరిన కొలది మూత్రాశయము చెంతనుండు ప్రోస్టేటు గ్రంథి యుబ్బి విసర్జనకు కష్టము కలుగుట తఱచు, అదియు తప్పును. పోకిరి తిరుగుడు, కనబడిన ప్రతి స్తంభముకడ కాలెత్తుట, ఇతర మగకుక్కలతో పోరు — ఇవి చాలవఱకు తగ్గును. “చాలవఱకు” అంటిని. అలవాటుగా ముదిరినది యొక్క దినమున పోదు. భయముచే కఱచు కుక్క శస్త్రమువలన సాధువు గాదు, ఒక్కొక్కప్పు డా భయము హెచ్చునుకూడ. కఱచు కుక్కకు శిక్షణము వేఱుగ కావలయును.

“ఒక్కమాఱు జతకట్టించిన యెడల శాంతించును” అను మాట మా వీధిలో నలుగురు చెప్పిరి. ఇది వట్టి మాట. జతకట్టిన కుక్క శాంతింపదు. ఆ దారి యెఱిగినదై మఱింత యారాటపడును. అంతియ గాదు, వీధికుక్కలతో కూడుటవలన నంటుకొను కంతి యొకటి కలదు. ఇతర కంతులు దేహములో పుట్టును. ఇది యట్లు గాక, జతకట్టునపుడు దాని కణములే యొక కుక్కనుండి మఱియొక కుక్కకు ప్రాకి యచట నాటుకొని పెరుగును. జననాంగమునుండి నెత్తురు కాఱుట దాని గుఱుతు. మన దేశపు వీధికుక్కలలో నిది విరివిగా నున్నది. వారమున కొకమాఱు సూదిమందు వేయించిన చాలవఱకు నయమగును గాని, ఆ వారములన్నియు కుక్కను పట్టుకొని వైద్యశాల చుట్టు తిరుగువా రెవరో మీకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

శస్త్రమునకు వయసు విషయమై యొక హెచ్చరిక. చిన్నజాతులకును నాటుకుక్కలకును అంత చిక్కు లేదు. పెద్దజాతులలో మాత్రము ఎముకలు పూర్తిగా పెరుగకముందే బీజములు తీసినయెడల కీళ్ల జబ్బులు హెచ్చుచున్నవని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి డేవిస్ పశువైద్య కళాశాలలో పరిశోధకులు కనుగొనిరి. 2020లో వారు 35 జాతులను పరిశీలించి ప్రకటించిన ఫలితములనుబట్టి, ఏ జాతికి ఆ జాతి వేఱు. జర్మను షెపర్డు మగకుక్కకు రెండేండ్లు దాటువఱకు ఆగుట మేలని వారి సలహా. లాబ్రడారునో, షెపర్డునో పెంచువారు తమ వైద్యుని ఈ సంగతి యడిగియే దినము నిర్ణయించుకొనవలయును. మల్లన్నకు పదునాలుగు నెలలు, నడితరపు దేహము. వానివిషయమై వైద్యుడు సంశయింపలేదు.

భైరవుని విషయము వేఱు. మా మనస్సులలో వానికి జతకట్టించుటయే సగము నిశ్చయమై యుండెను. తఱుగుచున్న జాతి గదా, అట్టి యందగాని పిల్లలు నాలుగు మిగులుట దేశమునకు మేలే గదా యని నేనును తలచితిని. అయినను జతకట్టించుటకు ముందు వైద్యునికి చూపవలెనని మావారు పట్టుబట్టిరి. వైద్యుడు నలువైపుల పరీక్షించి, పండ్లు చూచి, కీళ్లు వంచి చూచి, “అంతయు బాగున్నది, ఒక్కటి తప్ప” అనెను. భైరవునికి బీజకోశములో నొక్క బీజమే యున్నది. రెండవది దిగక పొట్టలోనే నిలిచిపోయినది. పిల్లకు రెండు నెలలు నిండునప్పటికి సాధారణముగా రెండును దిగవలయును. ఆఱు నెలలకు దిగనిది యిక దిగదు. లోపల వెచ్చదనమున నుండిపోయిన యా బీజమునకు పుట్ట పుట్టుట, దిగిన బీజముకన్న ననేక రెట్లు హెచ్చు. కావున దానిని తీసివేయక తప్పదు.

అది వాని యొక్కని బాధయే యైనచో సరిపోయెడిది. ఈ లోపము వంశానుగతము. దిగిన యొక్క బీజముతోనే భైరవుడు పిల్లలను కనగలడు. కని యా లోపమును వారికి పంచగలడు. ఆడుపిల్లలలో నిది పైకి కనబడదు, కాని వారినుండి వారి కొడుకులకు పోవును. ఇచట నా మనస్సు చాల పెనుగులాడినది. వేలకొలది కుక్కలున్న జాతిలో నొక లోపము కలిగినది కలిసిపోవునేమో. కొద్దిగా మిగిలినదానిలో ప్రతి పిల్లయు తరువాతి తరములకు తాతయో, అవ్వయో యగును. జాతి తక్కువైన కొలది యేఱుటలో పట్టుదల యెక్కువ కావలయును గాని, “ఉన్నవే కొన్ని గదా, ఏదైన సరే” యని సరిపెట్టుకొనరాదు. జాతిని కాపాడుటకే భైరవునికి జతకట్టింపరాదని తేలినది. వాని ముడుతల నుదురు చూచుచు నీ మాట యనుకొనుట సులభము గాలేదు.

బాతుల కాపరితో నీ సంగతి చెప్పవలసినది నేనే. ఆయన వచ్చునప్పటికి మావారు బడిలో నుండిరి. వసారాలో కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి, ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన చాలసేపు భైరవుని వీపు నిమురుచు నుండెను. “ఇంత చక్కని కుక్కకి ఈ లోటేంటమ్మా” అనెను. పిమ్మట, “వీడి అన్నకి కూడా ఒక్కటే ఉండేదమ్మగారూ. అది మా బావమఱిది దగ్గఱ ఉంది. అదొక వింత అనుకున్నాం గాని లోటనుకోలేదు” అనెను. అన్నదమ్ము లిరువురకును లోపమున్న దన్నచో తల్లిదండ్రు లిరువురియందును దాని విత్తనము దాగియుండునని, ఆ జంటను మరల కలుపరాదని వైద్యుడు చెప్పిన మాటను గూడ ఆయనకు చెప్పితిని. ఆయన తల యూచి, “నిజమేనమ్మా. ఱెక్క వంకర వచ్చిన బాతు గ్రుడ్లు మేము పొదగెయ్యము. కుక్కలకి ఆ లెక్క వేసుకోలేదు” అనెను. ఏ పుస్తకమును చదువని యాయనకు విషయమంతయు నొక్క వాక్యములో బోధపడినది. ముందుగా పిల్లల నడిగిన ముగ్గురిలో నిద్దఱకు మాత్రము నేటికిని బోధపడలేదు. అందొకరు మమ్ముచూచి మొగము త్రిప్పుకొనుచున్నారు.

జతకట్టించుట సర్వథా తప్పని నేను చెప్పుటలేదు. ఆరోగ్యవంతమై, వంశమున లోపములేక, స్వభావమున నెమ్మది గలదై, రెండేండ్లు నిండిన కుక్కకు తగిన జత దొరికినపుడు చేయింపవచ్చును. కాని పిల్లలు పుట్టిన తరువాత నిండ్లు వెదకుట గాక, ముందే వెదకవలయును. అడిగినవారిలో సగముమంది వెనుదీయుదురని లెక్కవేసికొనవలయును. మిగిలిన పిల్లలను మగకుక్క యింటివారును సగపాలు తీసికొందుమని మాట యియ్యవలయును. మంచి పిల్ల నేఱుకొని పోవుట మర్యాద గాదు. అమ్మదలచినవారికి చట్టముకూడ నున్నది: 1960 నాటి జంతుహింసానివారణ చట్టము క్రింద 2017లో చేసిన నియమములనుబట్టి కుక్కలను ఈనించి యమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద పేరు నమోదు చేయించుకొనవలయును, 8 వారములు నిండని పిల్లల నమ్మరాదు. ఇది పెద్ద వర్తకులకే యని మనవా రనుకొందురు.

“మీ యొక్క మల్లన్నకు చేయించినంత మాత్రమున వీధిలో పిల్లలు తగ్గునా?” యని మా యాడుబిడ్డ యడిగినది. తగ్గవు. మల్లన్న పోనియెడల మఱియొక మగకుక్క పోవును. వీధికుక్కల సంఖ్య తగ్గవలెనన్న ఆడుకుక్కలకు పెద్దయెత్తున శస్త్రములు జరుగవలయును. అది పురపాలకులయు, పంచాయతులయు పని. 2023 నాటి నియమములు వారికి దానినే విధించినవి. 2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ కుక్కల విషయమై యిచ్చిన యుత్తరువునందును, పిచ్చిపట్టినవియు మీదపడి కఱచునవియు దక్క మిగిలినవానిని శస్త్రముచేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువుమనిరి. వారు చేసినను, చేయకున్నను, గోనెసంచిలోని పిల్లలకు మా మల్లన్న తండ్రి గాకుండుట మా చేతిలోనిది.

ఇరువురకును కార్తికమాసమున రెండు వారముల యెడముతో శస్త్రములు జరిగినవి. చేయించువారికి పనికివచ్చునని కొన్ని వివరములు చెప్పెదను. ముందునాటి రాత్రినుండి యన్నము పెట్టరాదు. మత్తులో వాంతియైనచో ప్రాణాపాయము. నీరు ఎప్పుడు మానిపింపవలయునో వైద్యుని యడుగవలయును. ఇంటికి వచ్చిన రాత్రి చలికి వణకును. చాపపై పాత దుప్పటి పఱచి, కాళ్లక్రింద పిల్లలు ఆడకుండ చూడవలయును. కుట్లు నాకకుండ మెడకు గరాటువంటి పట్టీ తగిలింతురు. అది లేకున్న నొక్క రాత్రిలో కుట్లు తెంపుకొనును. మల్లన్న దానితోనే నీళ్లబిందె కొట్టి పడద్రోసెను. పది పదునాలుగు దినములవఱకు స్నానము, పరుగు కూడవు. మగకుక్క యొడలిలో మిగిలియున్న బీజము కొన్ని వారములు నిలుచును గనుక, నెలన్నరవఱకు ఎదకు వచ్చిన కుక్కకడకు పోనీయరాదు. భైరవునికి పొట్ట కోయవలసివచ్చుటచే మల్లన్నకన్న నాలుగు దినములు హెచ్చుగా పడుకొనెను. తీసిన బీజము గట్టిపడి చిన్నదై యుండెను. పుట్ట యింకను పుట్టలేదని వైద్యుడు చెప్పెను.

మా యింట నిపు డున్న తగవు అన్నమును గూర్చి. శస్త్రమైన కుక్కకు దేహమునకు కావలసిన యాహారము తగ్గును, ఆకలి మాత్రము తగ్గదు. పెట్టినంతయు తిని లావెక్కును. కావున నాలుగవవంతు తగ్గించి, నెలకొకమాఱు తూచి చూడుమని వైద్యుని యాజ్ఞ. నేను గిన్నెతో కొలిచి పెట్టుచున్నాను. మా యత్తగారు “పాపము, అన్ని విధముల నష్టపడినవారు” అని మధ్యాహ్నము పెరుగన్నపు ముద్ద రహస్యముగా వేయుచున్నారు. మల్లన్న ప్రహరి దుముకుట మానెను గాని తపాలావానిని చూచి మొఱుగుట మానలేదు. భైరవుడు తెల్లవాఱుజామున నెప్పటివలెనే పాట యెత్తుకొనుచున్నాడు. బాతుల కాపరి చెఱువుల కావలి యూళ్లలో మఱియొక వంశపు జోనంగిని వెదకుచున్నాడు. దొరికినచో ముందు వైద్యునికి చూపియే జతకట్టింతునని, మొన్న గ్రుడ్ల బుట్ట తెచ్చినపుడు చెప్పిపోయెను.